చెవి మడత కింద

మా తమ్ముడికి సుత్తి పట్టుకోవడం రాదు. ఈ ఒక్క ముక్క ముందే చెప్పేస్తే నా కడుపుమంట సగం చల్లారుతుంది. గరిటె పట్టుకున్నట్టు మెడ దగ్గర పట్టుకుంటాడు. అలా పట్టుకున్న ఫోటోనే పెద్దది చేయించి మా పనిగది గోడకి తగిలించాడు. అందులో తోలు ఏప్రన్ కట్టుకుని, చొక్కా చేతులు పైకి మడిచి, రాగి టీపాట్ వైపు కన్నబిడ్డని చూసినట్టు చూస్తూ ఉంటాడు. ఆ ఏప్రన్ మీద ఒక్క మరక ఉంటే ఒట్టు. ఫోటో కింద 'రేకు శిల్పి' అని రాయించాడు. శిల్పట! పొద్దెక్కి పదకొండింటికి లేచే శిల్పిని నేను వీణ్ణొక్కణ్ణే చూశాను.

టీపాట్లు చేసేది నేను. పద్నాలుగేళ్ళుగా నేనే చేస్తున్నాను. వాడు చేసేదల్లా అడుగున తన పేరున్న ముద్ర కొట్టడం. అదీ ఒక్కోసారి తలకిందులుగా కొడతాడు. అడిగితే అదొక శైలి అంటాడు.

పని ఏమిటో చెప్తాను, లేకపోతే నా బాధ అర్థం కాదు. మా టీపాట్ ఒంటికి ఒక్కటే రేకు. కిటికీ పలకంత రాగి రేకు తీసుకుని, ఉక్కు సూదితో గీతలు గీసి, ఆ గీతల మీద మడిచి నాలుగు గోడలు లేపుతాం. నాలుగు మూలల్లో రేకు మిగిలిపోతుంది కదా, దాన్ని ఎవరైనా ఏం చేస్తారు? కత్తిరించి పారేస్తారు. కత్తిరిస్తే అతకాలి. అతికితే ఏదో ఒకనాడు కారుతుంది. మేం కత్తిరించం. మూలని రెండువేళ్ళతో చిదిమినట్టు ముక్కోణంగా బయటికి లాగి, గోడ మీదకి పడుకోబెట్టి కొట్టేస్తాం. దాన్ని చెవి అంటాం. పైఅంచు చుట్టినప్పుడు చెవి కొస ఆ చుట్టలోకి దూరి బిగుసుకుపోతుంది. ఆ తర్వాత కొయ్య సుత్తితో గోడల్ని లోపల్నుంచి కొడుతూ పోతే పలకలుగా ఉన్నది కాస్తా బుగ్గలు తేలి గుండ్రంగా అవుతుంది. మధ్యమధ్య కొలిమిలో ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాలి, లేకపోతే రాగి మొండికేసి చిట్లుతుంది. ముక్కు, పిడి, మూత, లోపల కళాయి, అవన్నీ తర్వాతి సంగతి. అసలు విద్యంతా ఆ నాలుగు చెవుల్లో ఉంది. మా తమ్ముడు ఒక్క చెవి మడిచిన పాపాన పోలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. అది మా ఇంటి గుట్టు.

నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఒకాయన పనిగదికి వచ్చి, తన టీపాట్ మూత బిగుతుగా లేదని మా నాన్నని నానా మాటలూ అన్నాడు. మూతలో తప్పేం లేదు, ఆయన దాన్ని తిరగేసి పెడుతున్నాడు. నాన్న నవ్వుతూ నిలబడి అంతా విన్నాడు. ఆయన వెళ్ళాక బల్ల దగ్గర కూర్చుని, చేతిలో ఉన్న కొత్త రేకు మీద, చెవి పడుకోబోయే చోట, సూదితో ఏదో గీకాడు. చెవి మడిచాడు. మూడు దెబ్బలు వేశాడు. ఇంకేముంది, అది లోకానికి కనబడదు. పాత్ర బయటి వైపే కాబట్టి టీ కూడా తగలదు.

"ఏం రాశావు నాన్నా?" అన్నాను.

"నోటికొచ్చిందంతా రాశా. పైకంటే బజార్లో గొడవ, ఇంట్లో గొడవ. ఇక్కడైతే ఎవరికీ వినబడదు. కోపం లోపల పెట్టి మూసెయ్యాలమ్మా. బయటికి పాత్ర నున్నగా ఉండాలి."

అబ్బ, ఎంత తెలివో అనుకున్నాను. ఆ రోజు నుంచీ నేనూ రాయడం మొదలుపెట్టాను. చీమ తలకాయలంత అక్షరాలు. పక్కింటావిడ గురించి, రేకులమ్మే షావుకారు గురించి, ఎక్కువగా మా తమ్ముడి గురించి. 'వెధవ ఇవాళ కొలిమి ముందు నిలబడి చలి కాచుకున్నాడు. అదే వాడి శ్రమ.' 'విలేకరి వచ్చాడు. వాడు నా బొబ్బలెక్కిన చెయ్యి చూసి కూడా వీణ్ణే ఫోటో తీశాడు.' ఇలాంటివి. ఎంతోమంది ఇళ్ళల్లో, అతిథుల ముందు, మెరుస్తూ కూర్చున్న టీపాట్ల చెవుల కింద నా తిట్లున్నాయి. టీ పోసుకుని 'ఎంత ప్రశాంతంగా ఉంది ఈ పాత్ర' అనుకునే వాళ్ళని తలుచుకుంటే నాకు నవ్వొచ్చేది.

నాన్న మంచాన పడడానికి కాస్త ముందు, చుట్టాలందరినీ కూర్చోబెట్టి, సుత్తుల పెట్టె తెప్పించి మా తమ్ముడి ఒళ్ళో పెట్టాడు. "ఇక ఇది నీదేరా" అన్నాడు. అందరూ కళ్ళొత్తుకున్నారు. నేను కొలిమి దగ్గర ఉన్నాను. చేతిలో సగం మడిచిన రేకుంది. ఎవరూ నా వైపు చూడలేదు. అమ్మ ఒక్కతే చూసి, ఊరుకోమన్నట్టు కళ్ళతో సైగ చేసింది. ఊరుకున్నాను. ఇంట్లో గొడవ ఎందుకని. ఆ రేకు మడత పూర్తి చేసి, చెవి కింద ఏం రాశానో ఇప్పుడు చెప్పను. నాన్నని అనకూడని మాట అది.

అప్పటి నుంచీ ఇదే ఏర్పాటు. సుత్తులు, పెట్టె తాళం వాడివి, దెబ్బలు నావి. పేరు వాడిది.

మొన్న ఒకరోజు వాడు ఈల వేసుకుంటూ పనిగదిలోకి వచ్చాడు. వాడు ఈల వేశాడంటే నాకు ఏదో మూడిందన్నమాటే.

"అక్కా, చేతిపనుల కాలేజీ వాళ్ళు రేకు మడత నేర్పడానికి మాస్టారు కావాలంటున్నారు. నా పేరు దాదాపు ఖాయం. ఏడు టీపాట్లు పంపాను."

"ఎవరి టీపాట్లు?"

"మనవే."

"ఓహో, మనవా!"

"ఇప్పుడు దెప్పకు. మంచి మాట చెబుతుంటే... సుత్తులు, దిమ్మలు, మడత బల్ల అన్నీ కాలేజీకి పట్టుకెళ్ళిపోతాను. అక్కడ పెద్ద హాలిస్తారట. ఈ గది ఖాళీ అయితే నీ మరదలు బ్యూటీ పార్లర్ పెట్టుకుంటానంటోంది."

నా చేతిలో సుత్తి ఆగిపోయింది. "మరి నేను?"

"నువ్వా? ఇన్నాళ్ళూ కష్టపడ్డావు. ఇక హాయిగా కూర్చో."

"కూర్చుని?"

"ఏముందక్కా, టీవీ చూడు."

టీవీ! పాతికేళ్ళు ఈ బల్ల దగ్గర నడుం వంచిన మనిషిని టీవీ చూడమంటున్నాడు, గుండెలు తీసిన బంటు. నాకు పెళ్ళి లేదు, పిల్లల్లేరు, ఆస్తి లేదు. వాటి కోసం నేను ఏడ్చిందీ లేదు. నాకున్నదల్లా ఆ సుత్తుల పెట్టె, ఆ బల్ల, కిటికీలోంచి పొద్దున్నే రేకు మీద పడే ఎండ. అవి లేకపోతే నేను వంటింట్లో ఒక మూల అదనపు మనిషిని. అంతకంటే ఏం లేదు.

"సరే గానీ, పిల్లలకి నువ్వేం నేర్పుతావురా?" అన్నాను.

"నువ్వు రెండు మూడు సగం సగం మడిచి ఇస్తే, వాటిని చూపించి చెప్పేస్తా."

"దేంతో మడవను? సుత్తులు నీ హాల్లో ఉంటే?"

బుర్ర గోక్కున్నాడు. అంతదూరం ఆలోచించలేదు పాపం. వాడు ఏ విషయంలోనూ అంతదూరం వెళ్ళడు, అలసిపోతాడు.

ఆ రోజు నేను గొంతు చించుకుని అరవాల్సింది. వీధిలోకి వచ్చి నలుగుర్నీ పిలవాల్సింది. ఏం చేశాను? ఒక రేకు తీసుకుని చెవి కింద 'టీవీ చూడమన్నాడు' అని రాసి, మడిచి, మూడు కాదు, ముప్పై దెబ్బలు వేశాను. ఆ చెవి రేకు పల్చబడి చిల్లు పడింది. పాత్ర పనికిరాకుండా పోయింది. పాతికేళ్ళలో నా చేతిలో పాడైన రేకు అదొక్కటే.

కాలేజీ వాళ్ళు మంగళవారం వస్తామన్నారు, పని చూడడానికి. ఆ రోజు మా తమ్ముడు ఎనిమిదింటికే లేచాడు. గోడ మీద గీత గీసి పెట్టుకోవాల్సిన రోజు. తలకి నూనె రాసుకుని, ఏప్రన్ ఇస్త్రీ చేయించుకుని తయారయ్యాడు. ఏప్రన్ ఇస్త్రీ చేయించే రేకుపనివాణ్ణి ఎక్కడైనా చూశారా?

"అక్కా, వాళ్ళ ముందు నువ్వు పెద్దగా మాట్లాడకేం. మా అక్క నాకు సాయం చేస్తుంటుంది అని చెప్తా. రేకు గీతలు గీసి, మెత్తగా కాల్చి సిద్ధంగా పెట్టు."

పెట్టాను. తిట్టండి, పడతాను. గీతలు గీసి, కాల్చి, తుడిచి, బల్ల మీద పెట్టి, కొలిమి పక్కన నా పీట మీద కూర్చున్నాను.

ఇద్దరొచ్చారు. ఒకాయన ఫైలు పట్టుకున్న గుమాస్తా. ఇంకొకావిడ కాలేజీకి పెద్ద, అందరూ మేడమ్ అనే మనిషి. అరవై దాటినట్టున్నాయి. కళ్ళజోడు తాడుకి కట్టుకుని మెళ్ళో వేసుకుంది. చేతిలో ఒక గుడ్డ సంచీ ఉంది. గుమాస్తా పట్టుకుంటానన్నా ఇవ్వలేదు, ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది.

మా తమ్ముడు మొదలుపెట్టాడు. "రాగితో నేను మాట్లాడతాను మేడమ్. రాగి నాతో మాట్లాడుతుంది. రేకు ఎక్కడ మడవమంటే అక్కడే మడుస్తాను. అది నా గొప్ప కాదు, రేకుది."

కోతలు కోయడంలో వీడికి కాలేజీ అక్కర్లేదు. రాగికే గనక నోరుంటే వీడితో మొదట అనే మాటేమిటో నాకు తెలుసు, ఇక్కడ రాయలేను.

మేడమ్ అంతా విని, "బావుంది. ఒక చెవి మడిచి చూపించండి" అంది.

"ఇప్పుడా? దానికి మనసు కుదరాలి మేడమ్."

"కుదుర్చుకోండి. మేం కూర్చుంటాం, తొందరేం లేదు."

వాడు నా వైపు చూశాడు. నేను కొలిమి వైపు చూశాను. ఇక తప్పదని రేకు బల్ల అంచున పెట్టి, నేను గీసిన గీత మీద మడిచాడు. గోడ లేచింది. రెండోది కూడా లేచింది. గీత గీసిపెడితే అంతవరకు ఎవరైనా చేస్తారు. మూల దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ఊదాడు కూడా. ఎందుకు ఊదాడో దేవుడికే తెలియాలి. తర్వాత బల్ల కింద చెయ్యి పెట్టి కత్తెర తీశాడు.

కత్తెర! మూల దగ్గర! మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ చేయని పని. నా ప్రాణం గిలగిల్లాడిపోయింది.

"కత్తెర కింద పెట్టరా!" అని అరిచాను.

మేడమ్ నెమ్మదిగా తల తిప్పి నన్ను చూసింది.

"మా అక్క," అని మా తమ్ముడు ఇకిలించాడు. "కాస్త చాదస్తం. ఏమనుకోకండి."

"ఏమీ అనుకోను. అది పక్కన పెట్టండి," అంది మేడమ్. "ఇంకొకటి అడుగుతాను. చెవి మడిచే ముందు, దాని కింద మీరేమైనా రాస్తారా?"

ఆ మాట ఈవిడకెలా తెలుసు? మా తమ్ముడికే తెలియదు. ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉండి కూడా నేను ఏం గీకుతున్నానో వాడు ఎప్పుడూ వంగి చూడలేదు. కానీ వాడు తెల్లమొహం వేసింది ఒక్క క్షణమే. అబద్ధమాడడంలో వాడి చెయ్యి మహా చురుకు.

"ఓ, అదా! మీకెలా తెలిసింది మేడమ్? అది నా రహస్యం. నా సంతకం, ఒక శుభాకాంక్ష. ఇందులో టీ తాగినవాళ్ళు చల్లగా ఉండాలని. ప్రతి దాని కిందా నా చేత్తో రాస్తాను."

"ప్రతి దాని కిందా?"

"ఒక్కటి కూడా వదలను. ఒట్టు."

మేడమ్ సంచీ విప్పింది. అందులోంచి తీసిన టీపాట్‌ని నేను అంత దూరం నుంచే గుర్తుపట్టాను. మూడేళ్ళ కిందటిది, ముక్కు కాస్త పొడుగు. వెనక మూల నొక్కుకుపోయి ఉంది. అక్కడి చెవి అంచులోంచి ఊడి పైకి లేచింది.

"బల్ల మీంచి పడింది. సరిచేద్దామని ఇంట్లో పట్టకారు పెట్టాం, చెవి ఊడొచ్చింది. మీ శుభాకాంక్ష ఒకసారి చదవండి."

వాడు వంగాడు. పెదాలు కదిలాయి. మొహం ఎర్రబడింది. టీపాట్‌ని బల్ల మీద దూరంగా జరిపాడు. మేడమ్ గుమాస్తా వైపు చూసింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, ఆఫీసు ఉత్తరం చదివినట్టు చదివాడు.

"'ఇవాళ పదకొండింటికి లేచి వచ్చి, కాల్చి నల్లబడ్డ రేకుని చూసి, అక్కా ఇది రాగేనా అని అడిగాడు. ఇలాంటివాడి చేతికి సుత్తి ఇచ్చిన నాన్నని ఏమనాలి?'"

గుమ్మంలో టీ గ్లాసుల పళ్ళెంతో నిలబడ్డ మా మరదలు మొహం మాడ్చుకుంది. "పదకొండు కాదండీ, ఆయన పదిన్నరకే లేస్తారు" అంది. మొగుణ్ణి వెనకేసుకొచ్చిన తీరు చూశారా! వాడికి మిగిలిన పరువు కాస్తా ఆ అరగంటతో పోయింది.

"మీరు పంపిన ఏడూ నా గదిలో ఉన్నాయి. వాటిని ఇంకా ముట్టుకోలేదు. తెరిపించమంటారా?" అంది మేడమ్.

"వద్దు!" అన్నాడు వాడు. నేనూ మనసులో వద్దనే అనుకున్నాను. వాటిలో ఒకదాని కింద నిరుడు వాడికి శాలువా కప్పిన ఈ కాలేజీ వాళ్ళ గురించి కూడా రెండు ముక్కలు రాసి ఉన్నాను.

అంత అడ్డంగా దొరికిపోయినవాడు ఎవరైనా తల దించుకుంటాడు. మా తమ్ముడు తలెగరేశాడు.

"అయితే ఏంటండీ? చేతులు అక్కవే కావచ్చు. పని మా నాన్నది. దాన్ని నాకిచ్చాడు. చుట్టాలందరి ముందూ సుత్తుల పెట్టె నా ఒళ్ళో పెట్టాడు. అక్కనే అడగండి, అబద్ధమేమో."

మేడమ్ నన్ను అడిగింది. "నిజమేనా అమ్మా?"

"నిజమేనండీ," అన్నాను. ఏం చెప్పను మరి, నిజమే కదా.

దాంతో వాడికి ఊపిరొచ్చింది. "ఈ రాతలు నాన్న నుంచే వచ్చుంటాయి. అక్క సొంతంగా ఏదీ చెయ్యదు. అవునా అక్కా? నాన్న కూడా రాసేవాడా?"

"రాసేవాడు."

"చూశారా! అదిగో, ఆ పై అరలో ఉన్నది నాన్న చేసిన ఆఖరిది. నాకు సుత్తులిచ్చే ముందురోజే చేసింది. తెరువక్కా దాన్ని. అందరి ముందూ తెరువు. నాన్న నా గురించి ఏం రాశాడో చూద్దాం."

ఆ టీపాట్‌ని నేను వారానికోసారి తుడుస్తాను. పద్నాలుగేళ్ళుగా దాని చెవుల మీద చెయ్యి వెయ్యని వారం లేదు. అందులో వెనక చెవి కింద ఏదో ఉందని నాకు తెలుసు. తెరవాలని ఒక్కసారీ అనుకోలేదు. అనుకోలేదని అబద్ధం ఎందుకు, భయపడ్డాను. నాన్న వాడి గురించే మంచిగా రాసుంటే? నా మడత ఇంకా వంకరేనని రాసుంటే? నాకు ఈ లోకంలో ఎవరి మెప్పూ అక్కర్లేదు గానీ, ఆ ఒక్క మనిషి నన్ను పనిమనిషిగా చూశాడని తెలిస్తే మళ్ళీ సుత్తి ఎత్తలేను.

"నాన్నదాన్ని ముట్టుకోవద్దు," అన్నాను.

"భయమేసిందా?" అన్నాడు వాడు నవ్వుతూ.

ఆ నవ్వుకి నా ఒళ్ళు మండింది. కిందికి దించాను. పాత రాగి గట్టిపడి ఉంటుంది, అలాగే లాగితే చిట్లుతుంది. అందుకని కొలిమి మీద వెనక మూలని సన్నసెగలో తిప్పాను. కళాయి కరగకుండా లోపల తడిగుడ్డ కుక్కాను. మొద్దు ఉలితో అంచు చుట్టని కాస్త లేపి, పట్టకారుకి గుడ్డ చుట్టి చెవి కొస పట్టుకున్నాను. నా చేతులు పనిలో ఎప్పుడూ వణకలేదు. అప్పుడూ వణకలేదు. చెవి మెల్లగా తలుపు తెరుచుకున్నట్టు లేచింది. కింద రాగి, నాన్న నిన్న గాక మొన్న రుద్దినట్టు ఎర్రగా ఉంది. మూడు వరసల అక్షరాలున్నాయి.

నేను చూసేలోపే మా తమ్ముడు నా భుజం మీదుగా వంగి, గొంతెత్తి చదివేశాడు.

"'పని అమ్మాయి చేతిలో ఉంది. వీడి చేతిలో...'"

అక్కడితో ఆగిపోయాడు. మిగిలింది నేను చదివాను.

"'వీడి చేతిలో లేదు. రేపు సుత్తులు వీడికే ఇస్తాను. పైకి చెబితే ఇంట్లో గొడవ.'"

పళ్ళెంలో గ్లాసులు చిన్నగా మోగాయి. మేడమ్ లేచి వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది. "మీ నాన్నగారికి తెలుసమ్మా" అంది మెత్తగా. నేను ఆనందంతో ఏడుస్తాననుకున్నట్టుంది.

తెలుసు! అదే కదా నాకు మింగుడుపడనిది. తెలియక ఇచ్చాడనుకుని పద్నాలుగేళ్ళు సర్దుకుపోయాను. పాపం ముసలాయన, కొడుకనే ప్రేమలో కళ్ళు మూసుకుపోయాయి అనుకున్నాను. కళ్ళు తెరుచుకునే ఇచ్చాడు. తెలిసీ ఇచ్చాడు. నా పేరు చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు, సూది మాత్రం వచ్చింది. చక్కగా కూర్చుని, కుదురుగా రాసి, చెవి మడిచి మూడు దెబ్బలు వేసి, తన మనసు తేలిక చేసుకుని నిద్రపోయాడు. మర్నాడు పెట్టె తీసి వాడి ఒళ్ళో పెట్టాడు. ఇంట్లో గొడవ జరగలేదు. గొడవంతా నా ఒక్కదాని లోపలే జరిగింది. మా నాన్నంత పిరికి మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ మాట మనసులో అనుకున్నానో లేదో, చేతిలో ఉన్న పట్టకారు వైపు చూసి సిగ్గుతో చచ్చిపోయాను. ఎక్కడా చూడలేదా? రోజూ అద్దంలో చూస్తున్నాను కదే! పద్నాలుగేళ్ళుగా నేను చేసింది మాత్రం ఏమిటి? ఎన్ని టీపాట్లు, ఎన్ని చెవులు! తమ్ముణ్ణి వెధవా అని ఒక్కసారి మొహం మీద అని ఉంటే వాడు కనీసం పదింటికి లేచేవాడేమో. నా తిట్లన్నీ ఊళ్ళో వాళ్ళ అలమరాల్లో భద్రంగా ఉన్నాయి. తిట్టాల్సినవాడు మాత్రం నా ముందు ఇస్త్రీ ఏప్రన్ కట్టుకుని తిరుగుతున్నాడు. పనితోపాటు ఆయన పిరికితనాన్ని కూడా పొల్లు పోకుండా నేర్చుకున్నాను.

"మీరు ఏమంటారమ్మా?" అంది మేడమ్.

నాకు అలవాటు లేని పని అది. ఒకసారి దగ్గాను.

"ఆ సుత్తులు నావండీ," అన్నాను. "ఈ బల్ల నాది. మీ గదిలో ఉన్న ఏడూ నేను చేసినవి. అడుగున ఉన్న ముద్ర ఒక్కటే వాడిది, అదీ రెండింటికి తలకిందులుగా ఉంటుంది, చూసుకోండి. ఆ ఉద్యోగానికి అర్జీ పెట్టాల్సింది నేను. పెట్టలేదు, ఎందుకంటే నాకు బుద్ధి లేదు. ఇప్పుడు పెడతాను."

"అక్కా, ఇంట్లో విషయాలు ఇలా పరాయివాళ్ళ ముందు..." అన్నాడు మా తమ్ముడు.

"నోర్ముయ్యరా," అన్నాను. "నీకు సుత్తి పట్టుకోవడం రాదు. నాన్నకి తెలుసు, నాకు తెలుసు, ఇప్పుడు గుమాస్తా గారికి కూడా తెలుసు. పెట్టె తాళం ఇటివ్వు."

ఎంత హాయిగా ఉందంటే చెప్పలేను. అయిదు నిమిషాల పని. దీని కోసం పద్నాలుగేళ్ళు పట్టింది నాకు.

గుమాస్తా ఫైలు తిరగేస్తూ, "సర్టిఫికెట్ ఉండాలని నిబంధన ఉంది మేడమ్" అని నసిగాడు. "చెవి మడవడం వచ్చని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు ఇంకెవరున్నారు? ఈవిడే ఇవ్వాలి," అంది మేడమ్. అర్జీ కాగితం నా ముందు పెట్టింది. సూదితో తప్ప రాసి చాలా కాలమైంది కదా, పెన్ను నొక్కి రాస్తే కాగితం రెండుచోట్ల చిరిగింది. ఇంకొకటి ఇచ్చారు.

తాళం ఇవ్వడానికి మా తమ్ముడికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు పొద్దున తొమ్మిదింటికి తెచ్చి బల్ల మీద పడేసి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. తొమ్మిదింటికి! ఫోటో మాత్రం గోడ మీదే ఉంచాను. కాలేజీ నుంచి మడత నేర్చుకోవడానికి నా దగ్గరికి వచ్చే పిల్లలకి సుత్తి ఎలా పట్టుకోకూడదో చూపించడానికి అంతకంటే మంచి బొమ్మ దొరకదు. వాడు ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఆ మాట వాడికి వినబడేలాగే చెప్తున్నాను.

ఇప్పుడు చెవుల కింద నేనేమీ రాయడం లేదు. రాగి రాగిలాగే ఉంటుంది. నాన్న ఆఖరి టీపాట్ మళ్ళీ అరలోనే ఉంది. చెవి మూసెయ్యండి, చూడడానికి బాగాలేదు అని మా మరదలు రెండుసార్లు అంది. మూయలేదు. అలా ఊడి, పక్కకి లేచి, అసహ్యంగానే ఉంది. వచ్చినవాళ్ళు ఇదేమిటండీ అని అడుగుతారు. చదివి వినిపిస్తాను, గట్టిగానే.